వానలకు ముందు స్పోర్ట్ ఏటీవీకి టైర్లు మారుస్తున్నారా? పట్టు ఎక్కువైనా ప్రమాదమే

స్పోర్ట్ ఏటీవీ (మట్టిదారుల్లో నడిపే, హ్యాండిలున్న నాలుగు చక్రాల బండి) టైరు అరిగిందన్న సంగతి చాలామందికి మొదటి వాన పడ్డాకే తెలుస్తుంది. ఎండల్లో గట్టినేల మీద సగం అరిగిన బటన్లు (టైరు మీది రబ్బరు దిమ్మెలు) కొత్తవాటికన్నా నున్నగానే తిరుగుతాయి. అదే నేల తడిసి జిగట పట్టగానే వెనక చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. హ్యాండిల్ ఎంత తిప్పినా ముందు చక్రాలు మాట వినవు. అప్పుడు కంగారుపడి, చూడగానే భయంకరంగా కనిపించే పెద్ద బటన్ల టైరు కొనేస్తారు. ఈ బండికి పట్టు తక్కువైతే జారుతుంది, మరీ ఎక్కువైతే బోల్తా పడుతుంది. రకరకాల నేలల మీద తిరిగే బండికి టైరు ఎంచుకోవడమంటే ఈ రెంటి మధ్య చోటు వెతకడమే.

బోల్తా ఎందుకంటారా? స్పోర్ట్ ఏటీవీలో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, కారులోలాగా రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. కానీ రెండూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి లెక్క కుదరాలంటే ఏదో ఒకటి కాస్త జారాల్సిందే. మట్టిలో, ఇసుకలో ఆ పని దానంతటదే జరిగిపోతుంది. ఎండి బిగుసుకున్న నేల మీద, అంచులు కత్తిలా ఉన్న కొత్త టైరుతో అది జరగదు. బండి మలుపు తీసుకోనని మొండికేస్తుంది, లేదంటే లోపలివైపు చక్రాలు గాల్లోకి లేస్తాయి. తారురోడ్డు మీద ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఈ టైర్ల పక్కగోడ మీద రోడ్డుకు పనికిరావని అచ్చువేసేది ఊరికే కాదు.

పాత టైరు ఏం చెబుతోంది

కొత్తది కొనేముందు పాతదాన్ని విప్పి వెలుతుర్లో పెట్టి చూడండి. నడిమధ్య మాత్రమే అరిగితే ఇన్నాళ్లూ గాలి ఎక్కువ పెట్టి నడిపారని అర్థం. రెండు భుజాలూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ. ముందు టైరు ఒక్క అంచే అరిగినా, బటన్ల మీద చెయ్యి ఒకవైపు నిమిరితే నున్నగా, రెండోవైపు గరుకుగా తగిలినా, చక్రాల అలైన్‌మెంట్ తప్పిందన్నమాట. అది సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది. చక్రం ఎలాగూ ఊడదీశారు కాబట్టి బేరింగు ఊగుతోందా, బాల్ జాయింట్లు వదులయ్యాయా అన్నది కూడా అప్పుడే చూసుకోవాలి.

లోతు కొలిస్తే సరిపోదు. బటన్ మొదట్లో, అది టైరుకు అతుక్కున్న చోట, బొటనవేలితో పక్కకు నెట్టి చూడండి. అక్కడ వెంట్రుకవాసి చీలిక తెరుచుకుంటే ఆ బటన్ రాళ్లలో ఊడిపోతుంది, ఒక్కోసారి కింది పొరను కూడా లాక్కుని పోతుంది. పైన లోతు ఎంత మిగిలినా ఆ టైరు పని అయిపోయినట్టే. లోతు విషయానికొస్తే, చాలా బండ్ల మాన్యువళ్లు 3 లేదా 4 మి.మీ. దగ్గర మార్చమంటాయి. నిజానికి బురదలో పనికొచ్చే పట్టు అంతకు చాలా ముందే పోతుంది. బటన్ ముందు అంచు గుండ్రంగా అయిందంటే వానాకాలానికి అది చాలదు.

సైజు అంకెలు

22×7-10 అంటే 22 అంగుళాల ఎత్తు, 7 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల రిమ్ము. స్పోర్ట్ బండ్లలో ముందు 21×7-10 లేదా 22×7-10, వెనక 20×10-9 ఎక్కువగా కనిపిస్తాయి. చివరి అంకె దగ్గర రాజీ ఉండదు, రిమ్ముతో అచ్చంగా కలవాలి. మోటోక్రాస్ బండ్లకు వాడే 18×10-8 వెనక టైరు బాగుందని తెచ్చుకుని 9 అంగుళాల రిమ్ముకు ఎక్కించబోయి అవస్థపడేవాళ్లు ఉంటారు. దానికి రిమ్ము కూడా మార్చాలి. మార్చాక ఇరుసు నేలకు అంగుళం దగ్గరవుతుంది, కింద వేలాడే స్ప్రాకెట్ (గొలుసు తిరిగే పళ్లచక్రం), బ్రేకు డిస్కు రాళ్లకు తగులుతాయి. చదును చేసిన ట్రాకుకు అది చక్కటి సైజే, దుంగలూ రాళ్లూ ఉన్న దారికి మాత్రం కాదు.

ఎత్తు పెంచితే ఏమవుతుందో లెక్కేసి చూద్దాం. 20 అంగుళాల టైరు ఒక చుట్టుకు దాదాపు 160 సెం.మీ. పోతుంది, 22 అంగుళాలది 175 సెం.మీ. పైన. అంటే గేరు 10 శాతం పొడుగైనట్టే: ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను గుంజుకోలేదు, క్లచ్ మీద భారం పడుతుంది. ముందు స్ప్రాకెట్ 14 పళ్ల నుంచి 13కు తగ్గిస్తే అందులో ఏడెనిమిది శాతం తిరిగొస్తుంది. ఇరుసు అంగుళం లేస్తుంది, రాళ్లలో అది లాభమే. కానీ బరువు కూడా అంతే పైకి పోతుంది కాబట్టి గట్టినేల మలుపుల్లో బండి తొందరగా ఒరుగుతుంది. రాళ్లు, వేర్లు, నీటి చాళ్లు రోజూ తగిలే దారి అయితేనే వెనక 22 పెట్టండి, లేకపోతే 20 దగ్గరే ఉండటం మేలు.

ఒక మాట మరిచిపోవద్దు. టైరు మీద రాసిన ఎత్తు, గాలి కొట్టాక టేపుతో కొలిచిన ఎత్తు ఒకటి కావు. అర అంగుళం తేడా మామూలే. ఒక కంపెనీ 20, ఇంకో కంపెనీ 20 సమానం అనుకుని చెరో పక్క ఒకటి వేయడం అన్నిటికన్నా చెడ్డ పని. వెనక రెండూ ఒకే ఇరుసు మీద ఉన్నాయి కదా, చుట్టుకొలతలో తేడా ఉంటే బండి నేరుగా పోతున్నంతసేపూ ఒకవైపు లాగుతుంది. కాబట్టి వెనక రెండూ జతగానే మార్చాలి. ఒకే మోడల్ జతలో కూడా రెంటికీ ఒకే గాలి పెట్టి, నడిమధ్య చుట్టూ టేపు తిప్పి కొలిచి, సుద్దముక్కతో రాసుకోండి. తేడా 6 మి.మీ. లోపు ఉంటే పర్వాలేదు. అంతకు మించితే గాలి ఎక్కువ తక్కువ చేసి సర్దబోకండి, జత మార్చి ఇవ్వమనండి.

ఏ నేలకు ఏ బటన్

జిగట బురదకు బటన్లు ఎత్తుగా, ఎడంగా ఉండాలి. రెండు బటన్ల మధ్య బొటనవేలు సులువుగా దూరకపోతే ఆ సందులో మట్టి ఇరుక్కుని ఉండిపోతుంది, నాలుగు చుట్లు తిరిగేసరికి టైరు రోకలిబండలా నున్నగా అవుతుంది. బురద విదిలించేది చక్రం వేగం కాబట్టి ముందు టైర్ల విషయంలో ఇంకా ఎడం కావాలి, వాటిని తిప్పే ఇంజను లేదు. వెడల్పు సంగతి నేల లోతును బట్టి ఉంటుంది. పైన నాలుగు వేళ్ల బురద, కింద గట్టినేల అయితే సన్నటైరు కోసుకుంటూ కిందికి దిగి పట్టు దొరకబుచ్చుకుంటుంది. అడుగు తగలని ఊబికి వెడల్పు టైరే తేలుతుంది.

గట్టినేలకు దీనికి సరిగ్గా వ్యతిరేకం: పొట్టి బటన్లు, దగ్గర దగ్గరగా. ఎత్తు బటన్లు అక్కడ వంగిపోయి బండి ఊగుతున్నట్టు ఉంటుంది, అంచులు వారాల్లో కరిగిపోతాయి. ఇసుకకు పారల్లాంటి రెక్కలున్న ప్యాడిల్ టైరు వెనక వేస్తారు. ఇసుక దిబ్బలు తప్ప ఇంకేమీ ఎక్కని బండికే అది. రాళ్ల మీద రెక్కలు చిరిగిపోతాయి.

అన్నీ కలిసిన దారికి క్రాస్‌కంట్రీ రకమని అమ్మే మధ్యస్తపు టైరు తీసుకోండి. మధ్యలో దగ్గర బటన్లు, భుజాల దగ్గర ఎడంగా, బలంగా ఉన్నవి ఉంటాయి. ప్రతి నేల మీదా అది రెండో స్థానమే, ఏ నేల మీదా మోసం చెయ్యదు. నేల రోజూ మారే చోట అంతకన్నా అడగడం అత్యాశ.

వెనక మాత్రం కొత్తవి వేసి, ముందు అరిగినవి ఉంచడం బాగా జరిగే పొరపాటు. వెనకవి తొందరగా అరుగుతాయి కాబట్టి డబ్బు మిగులుతుందనే లెక్క. కొత్త వెనక టైర్లు బండిని ముందుకు తోస్తాయి, అరిగిన ముందు టైర్లు పక్కకు తిప్పలేవు. మలుపులో హ్యాండిల్ పూర్తిగా తిరిగి ఉన్నా బండి నేరుగా పొదల్లోకి పోతుంది. నాలుగూ ఒకేసారి కుదరకపోతే వానలు మొదలయ్యేలోపు ముందు టైర్లే మార్చండి, వెనక జారితే థ్రాటిల్‌తో ఎంతో కొంత సర్దుకోవచ్చు.

పక్కగోడ మీద కనిపించే ప్లై రేటింగ్ పొరల లెక్క కాదు, బలానికి గుర్తు. ట్రాకు మీద 2 చాలు. మామూలు దారికి 4, కోసురాళ్లుంటే 6. ఆరు అంటే బరువు, బిరుసు కూడా. తేలికపాటి 250 సీసీ బండికి ఆరు ప్లై వేస్తే ఎద్దుకు ఏనుగు గంట కట్టినట్టే.

గాలి: అర పాయింటు దగ్గర అంతా ఉంది

ఈ టైర్లలో ఉండేది 4 నుంచి 6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మాత్రమే. అసలు అంకె మీ మాన్యువల్‌లో ఉంటుంది, ముందుకూ వెనక్కూ వేరుగా ఉండొచ్చు. కార్ల గేజుతో చూస్తే ప్రయోజనం లేదు. వందదాకా చూపించే గేజు రెండు పాయింట్లు అటూ ఇటూ చెప్పినా కారుకు ఏమీ కాదు, ఇక్కడ ఆ రెండే సగం గాలి. 0 నుంచి 10 లేదా 15 వరకు మాత్రమే చూపే గేజు విడిగా కొనండి. టైర్ల తర్వాత మీరు పెట్టే డబ్బులో అంతగా పనికొచ్చేది ఇదే.

చల్లబడితే గాలి ఎంత తగ్గుతుందో చూడండి. గేజు 5 చూపిస్తున్నప్పుడు లోపల నిజంగా ఉన్నది వాతావరణపు ఒత్తిడితో కలిపి దాదాపు 19.7. మధ్యాహ్నం 35 డిగ్రీల్లో 5 పెట్టిన టైరు తెల్లవారి 20 డిగ్రీలకు వచ్చేసరికి ఆ మొత్తంలో ఐదు శాతం, అంటే దగ్గర దగ్గర 1 పీఎస్ఐ పడిపోతుంది. మీ చేతిలో మిగిలేది 4. కారుకు లెక్కలోకి రాని తేడా ఇక్కడ ఐదో వంతు. అందుకే బయల్దేరేముందు, టైరు చల్లగా ఉండగా, ఎక్కడ నడపబోతున్నారో అక్కడే గాలి చూడండి.

తక్కువైతే రాయి తగిలినప్పుడు రిమ్ము అంచు సొట్ట పోతుంది, మలుపులో బీడు (రిమ్మును పట్టుకుని ఉండే టైరు అంచు) రిమ్ము నుంచి జారి సందులో ఇసుక చేరుతుంది, ఆపైన గాలి నిలవదు. ఎక్కువైతే బండి బంతిలా ఎగురుతుంది, నడిమధ్య మాత్రమే నేలను తాకుతుంది. రాళ్ల దారికి మాన్యువల్ అంకెకు ఒకటి కలపండి. మెత్తటి ఇసుకకు అర నుంచి ఒకటి తగ్గించండి, తిరిగొచ్చాక మళ్లీ పెట్టడం మరవకండి. ఎడమ, కుడి మాత్రం ఎప్పుడూ సమానం.

ఎక్కించేటప్పుడు

బాణం గుర్తు బండి ముందుకు పోయే దిశలో ఉండాలి. ఎడమ టైరును కుడి రిమ్ముకు ఎక్కించాక చూసుకుంటే మొత్తం మళ్లీ విప్పాలి. వాల్వు కొత్తది వేయండి, రిమ్ము అంచున ఎండిన మట్టి, పాత రబ్బరు గీకి శుభ్రం చేయండి, రెండు బీడ్లకూ సబ్బునీళ్లు బాగా పూయండి. గ్రీజు, ఆయిలు వద్దు, అవి ఆరవు, తర్వాత టైరు రిమ్ము మీద జారుతుంది.

గాలి పట్టిస్తుంటే బీడు "ఠప్" మని రెండుసార్లు కూర్చుంటుంది. ఆ సమయంలో వేళ్లు అంచు దగ్గర ఉండకూడదు, మొహం టైరు మీదకు వంచకూడదు. పక్కగోడ మీద బీడు కూర్చోబెట్టడానికి గరిష్ఠ ఒత్తిడి రాసి ఉంటుంది. అంతవరకు వచ్చినా కూర్చోకపోతే ఇంకొంచెం కొడదామనుకోవద్దు: గాలి పూర్తిగా తీసి, మళ్లీ సబ్బునీళ్లు పూసి మొదలుపెట్టండి. గాలి అసలు నిలవకపోతే టైరు నడిమధ్య చుట్టూ పట్టీ బిగిస్తే బీడ్లు బయటికి తన్నుకుని రిమ్ముకు తగులుతాయి. పెట్రోలు లాంటివి చల్లి నిప్పంటించే పద్ధతి ఒకటుంది, చేతులు, కళ్లు కావాలనుకునేవాళ్లు దాని జోలికి పోరు. కూర్చున్నాక రిమ్ము పక్కనే టైరు మీద ఉండే సన్నగీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. ఒకచోట గీత లోపలికి పోయి ఉంటే అక్కడ బీడు కూర్చోలేదు. అంతా బాగుంటే వెంటనే గాలి నడిపే ఒత్తిడికి దించండి.

నట్ల వాలు అంచు రిమ్మువైపు ఉండాలి. ఎదురెదురుగా, మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. కొత్త ముందు టైరు పాతదానికన్నా పెద్దదైతే హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి, సస్పెన్షన్ నొక్కి, ఎక్కడా రాసుకోవడం లేదని తేల్చుకోండి. వెనక స్వింగ్ ఆర్మ్ దగ్గర, పాదాల కాపు దగ్గర ఒక వేలు దూరే సందు ఉండాలి.

కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చే జారుడు పొర ఉంటుంది. మొదటి 20, 30 కిలోమీటర్లు నెమ్మదిగా, మలుపుల్లో ఒరగకుండా నడపండి. తిరిగొచ్చాక నట్లు మళ్లీ టార్కు పెట్టి చూడండి, కొత్తగా కూర్చున్నవి కొద్దిగా వదులవుతాయి. మర్నాడు పొద్దున నాలుగు టైర్లకూ గేజు పెట్టి, ముందురోజు అంకెతో పోల్చండి. నాలుగూ సమానంగా తగ్గితే అది చలి. ఒక్కటే తగ్గితే వాల్వు మీదా బీడు చుట్టూ సబ్బునీళ్లు పోయండి, బుడగ ఎక్కడ లేస్తుందో అక్కడే లోపం.