ఇంటర్న్‌షిప్ చేసినా చేతికేమీ రాలేదా? ముందు ఇది చూసుకోండి

సమస్య: సర్టిఫికెట్ ఉంది, లాగ్‌బుక్ నిండా సంతకాలున్నాయి, కానీ వైవాలో "అక్కడ ఏం చేశావమ్మా?" అనగానే నోరు పెగలదు.

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, వేసవి ఇంటర్న్‌షిప్, సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ అన్నీ కలిపి 10 నెలలు పెట్టారు. అంత సమయాన్ని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన లింకు చూసి తేల్చేస్తున్నారు.

డబ్బు కడితేనే సర్టిఫికెట్ అన్నారా? వదిలేయండి, దాని గురించి ఇంకేం మాట్లాడక్కర్లేదు.

అసలు కారణం: చాలామంది సీనియర్లను అడిగే చేరతారు గానీ సరైన ప్రశ్న అడగరు, అందుకే తప్పెక్కడుందో దొరకదు. "అన్నా, బాగుందా?" అంటారు, "బాగుంది రా, చేరిపో" అని జవాబొస్తుంది. ఆ "బాగుంది" అంటే రోజూ వెళ్లక్కర్లేదనా, స్టైపెండ్ వచ్చిందనా, నిజంగా పని నేర్పారనా? ఎవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. బీకాం అమ్మాయి ఒకరు క్లాసంతా చేరుతోందని ఆన్‌లైన్ డేటా సైన్స్‌కి పేరిచ్చింది. "మీ సీనియర్‌ని మామూలు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేసిందో అడుగు" అని పంపాను. వీడియోలు చూసి క్విజ్ నొక్కడమేనట. సరే, ఎవరూ చెప్పకుండా నువ్వు చేసే పనేంటి అంటే, నాన్న కొట్టు జీఎస్టీ బిల్లులు తనే చూస్తుందట! నెలనెలా 14న 2బీ (అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్‌లో వచ్చే జాబితా) రాగానే కొనుగోలు బిల్లులతో పోల్చి, అందులో పడని బిల్లు కనిపిస్తే అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తుందట. ఆ పిల్ల వెళ్లాల్సింది ఆడిటర్ ఆఫీసుకి కదా! అక్కడే చేరింది, వైవాలో ఆపకుండా మాట్లాడింది.

పరిష్కారం: ఈ ఏడాదిలో ఎవరూ అడగకపోయినా మీరు చేసిన పనులు, చేస్తూ విసుగొచ్చిన పనులు కాగితం మీద రాయండి. తర్వాత అక్కడ చేసినవాళ్లు ఇద్దరితో మాట్లాడండి, వీలైతే మధ్యలో మానేసినవాళ్లతో కూడా. రోజంతా ఏం చేశారు, తప్పు చేస్తే దిద్దిందెవరు, ఈ రెండూ కచ్చితంగా అడగండి. దిద్దేవాళ్లే లేని చోట రెండు నెలలు కూర్చున్నా వచ్చేదేం లేదు. చివరగా ఆ కాగితం మీ మెంటార్‌కి చూపించండి, మీకు కనపడనిది వాళ్లకు కనపడుతుంది.

మధ్యలో కంపెనీ మూతపడటం, గైడ్ మారిపోవడం ఎప్పుడో గానీ జరగవు, జరిగితే ఆ రోజే కాలేజీలో చెప్పండి.

ఇదంతా పేర్లిచ్చే గడువుకి కనీసం రెండు వారాల ముందే మొదలుపెట్టండి, ఫారం నింపేశాక మార్చడానికి చాలా తిరగాలి.