బంతి దర్శనానికి క్యూ ఎందుకు? చిన్న ఆటలతో ఫుట్‌బాల్ ప్రాక్టీస్ ఎలా చేయించాలి?

తిరుపతిలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో పద్దెనిమిది మందిని వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరిచేత కోన్ల మధ్య బంతి నడిపించేవాణ్ణి. ఒకడు ఆడుతుంటే తక్కిన పదిహేడు మందీ వైకుంఠం క్యూలో ఉన్నట్టే. తొమ్మిది నిమిషాలకోసారి అర నిమిషం బంతి దర్శనం. "సార్, మ్యాచ్ ఎప్పుడు సార్?" అని రోజూ గోల.

ఇప్పుడు మ్యాచ్‌తోనే నేర్పుతున్నా. కాకపోతే చిన్న మ్యాచ్. నలుగురు అటు, నలుగురు ఇటు. నెదర్లాండ్స్‌లో 1980ల నుంచి పిల్లల చేత ఈ 4-4 ఆట ఆడిస్తున్నారు. బంతి ఉన్నవాడికి ఎడమకు ఒకడు, కుడికి ఒకడు, ముందు ఒకడు దొరికేది నలుగురు ఉన్నప్పుడే.

ముందుగా ఆ రోజు ఏం నేర్పాలో ఒక్కటే అనుకోండి. త్వరగా పాస్ ఇవ్వడమా, ఖాళీ వెతుక్కోవడమా, బంతి పోగానే వెనక్కి పరుగెత్తడమా? మూడూ ఒకే రోజు పెట్టుకుంటే ఒక్కటీ రాదు.

తర్వాత స్థలం. పెద్దవాళ్ల పెద్ద అంగ సుమారు మీటరు. 4-4 ఆటకు ముప్పై అంగల పొడవు, ఇరవై అంగల వెడల్పు కొలిచి సున్నంతో గీతలు గీయండి. తలకు 75 చదరపు మీటర్లు వస్తుంది. 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉండే పెద్ద మైదానంలో ఒక్కొక్కరికీ దాదాపు 325. స్థలం తగ్గేకొద్దీ ఆలోచన త్వరగా తెగాలి. పెంచితే పరుగు ఎక్కువవుతుంది. గోల్ కోసం రెండు చెప్పులు రెండంగల ఎడంగా పెడితే చాలు. ఇటుకలు మాత్రం వద్దు, కాలివేళ్లు పోతాయి. గోల్‌కీపర్ ఉండడు, ఆఫ్‌సైడ్ (ఎదుటి డిఫెండర్లను దాటి ముందే నిలబడి పాస్ అందుకోకూడదనే నియమం) ఉండదు.

నా పద్దెనిమిది మందికి ఇలాంటి బరులు రెండు. మిగిలిన ఇద్దరూ బరికొకరు చొప్పున జోకర్లు. పేకాటలో జోకర్ ఏ ముక్కతోనైనా కలిసినట్టు, వీడు బంతి ఎవరి దగ్గర ఉంటే ఆ జట్టువాడు. కాస్త వెనకబడ్డ పిల్లాణ్ణి జోకర్‌గా పెట్టండి, బంతి ఎక్కువసార్లు తగులుతుంది.

అసలు పని నియమంలో ఉంది. "పాస్ ఇవ్వరా!" అని గొంతు చించుకున్నా ఇవ్వరు. రెండు టచ్‌లకు మించి తాకకూడదు అనండి, ఇవ్వక చస్తారా? అందరూ బంతి చుట్టూ ఈగల్లా మూగుతున్నారా? ప్రతి జట్టుకూ రెండు మూలల్లో రెండు చిన్న గోల్స్ పెట్టండి. ఒక మూల మూసుకుపోతే బంతి రెండో మూలకు తిప్పాలని రెండు రోజుల్లో వాళ్లే కనిపెడతారు. వెనకవాళ్లు కదలకుండా నిలబడిపోతున్నారా? జట్టంతా సగం గీత దాటితేనే గోల్ లెక్క. ఒకసారికి ఒక్క నియమమే. రెండోది కలిపితే పిల్లలు ఆట మానేసి పంచాయితీకి దిగుతారు.

నాలుగు నిమిషాల ఆట, రెండు నిమిషాల విరామం, అలా నాలుగు విడతలు. చూడటానికి తక్కువే అనిపిస్తుంది కానీ నిలబడే తీరికే ఉండదు కాబట్టి బాగా అలసిపోతారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ 40 డిగ్రీలు దాటుతుంది గనక పొద్దున్నే ఆడించండి, విడత మూడు నిమిషాలకు కుదించండి. విరామంలో నీళ్లు తప్పనిసరి. గీత పక్కన అదనంగా బంతులు ఉంచుకోండి, బయటికి పోయిన బంతి కోసం టైమ్ వృథా కాదు.

మధ్యలో మాట్లాడాలని నోరు దురద పెడుతుంది, నాకైతే మరీను. విడతకు ఒక్కసారే విజిల్ వేసి, ఎక్కడివాళ్లను అక్కడే ఆపి, "ఇప్పుడు ఖాళీ ఎక్కడుంది?" అని అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పొద్దు.

చివరి పావుగంట నియమాలన్నీ తీసేసి 9-9 ఆడించండి. ఆ రోజు నేర్పింది అందులో కనబడకపోతే మర్నాడు అదే నియమం మళ్లీ. పొడవైన పాస్, క్రాస్ (పక్క నుంచి గోల్ ముందుకు కొట్టే పాస్), గోల్‌కీపర్ పని మాత్రం చిన్న బరిలో రావు. వాటికోసం వారంలో ఒక రోజు పెద్ద మైదానం అట్టిపెట్టుకోండి.