త్రీడీ జత కుదరడం లేదా? లోపం బొమ్మల్లోనే వెతకండి

స్టీరియో ఫొటో అంటే ఒకే దృశ్యాన్ని కాస్త పక్కకు జరిగి రెండుసార్లు తీసి, ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చూపించే జత. అది సరిగా కనిపించకపోతే చాలామంది ముందు ఎరుపు-సయాన్ (నీలం కలిసిన ఆకుపచ్చ) కళ్లజోడును అనుమానిస్తారు. జోడు తప్పు తక్కువ, తీసేటప్పుడు జరిగిన తప్పే ఎక్కువ. ఏ ఫొటో ఎడిటర్‌లోనైనా ఎడమ బొమ్మ మీద కుడి బొమ్మ పెట్టి, పైదాన్ని సగం పారదర్శకం చేసి చూడండి. వస్తువులు ఎటు, ఎంత జరిగాయో తెలిస్తే సగం పని అయినట్టే. సరిదిద్దడానికి విండోస్‌లో మసుజి సుటో తయారుచేసిన స్టీరియో ఫొటో మేకర్ చాలు, అది ఉచితం. దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, రాయగడ మీదుగా జయపురం దాకా మన చుట్టుపక్కల దొరికే దృశ్యాల్లో తరచూ వచ్చే తంటాలు ఇవి.

లోతు కనిపిస్తోంది, కానీ కళ్లు లాగుతున్నాయి

రెండు బొమ్మల మధ్య పైకీ కిందకీ తేడా ఉంది. అడ్డంగా వచ్చే తేడాను కళ్లు లోతుగా చదువుకుంటాయి, నిలువు తేడాను మాత్రం భరించలేవు. 4000 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మలో 20 పిక్సెళ్ల నిలువు తేడా ఉన్నా ఇబ్బందే. 2, 3 పిక్సెళ్ల లోపు ఉంచండి.

కారణం నాలుగు మూలల్లో తెలుస్తుంది. అన్ని మూలలూ ఒకే కొలతన పైకి జరిగితే ఫోను ఎత్తు మారింది, లేదా పైకో కిందకో వంగింది. గోపాల్‌పూర్ ఇసుకలో ఎడమ కాలి మీంచి కుడి కాలి మీదకు బరువు మార్చగానే మడమ దిగబడి ఇదే జరుగుతుంది, తడిసి గట్టిపడ్డ ఇసుక మీద నిలబడండి. ఎడమ అంచు పైకి, కుడి అంచు కిందకి పోతే ఫోను ఒరిగింది. మూలలన్నీ మధ్య నుంచి దూరంగా జరిగితే అడుగు ముందుకు పడింది, లేదా జూమ్ మారింది. ఒక బొమ్మలో ఎడమ అంచు, రెండోదాంట్లో కుడి అంచు పొడవుగా ఉంటే, రెండుసార్లూ ఫోనును వస్తువు వైపు తిప్పారన్నమాట. ఫోనును పక్కకు జరపాలే గానీ తిప్పకూడదు.

మొదటి మూడింటినీ ప్రోగ్రాంలోని ఆటో అలైన్‌మెంట్ చాలావరకు సర్దేస్తుంది. నాలుగోది కొంతవరకే సర్దుతుంది, అంచులు పోతాయి. వీలైతే మళ్లీ తీయడమే నయం.

కొండ ముందుకొచ్చింది, మనిషి వెనక్కి పోయాడు

ఎడమ కుడి తారుమారు. దగ్గరి వస్తువు ఎడమ బొమ్మలో కంటే కుడి బొమ్మలో కాస్త ఎడమకు ఉండాలి. లేకపోతే రెండూ మార్చేయండి. జోడు లేకుండా, పక్కపక్కన పెట్టిన బొమ్మల్ని కళ్లు అడ్డంగా కలిపి చూసేవాళ్లకు పంపేటప్పుడు కుడి బొమ్మే ఎడమ పక్కన ఉండాలి, గందరగోళం ఎక్కువగా ఇక్కడే.

దగ్గరి వస్తువు రెండుగా కనిపిస్తోంది

రెండు షాట్ల మధ్య ఫోను ఎక్కువ దూరం జరిగింది. ఆ దూరాన్ని బేస్ అంటాం. అన్నిటికంటే దగ్గరున్న వస్తువు దూరాన్ని 30తో భాగిస్తే వచ్చేదే హద్దు. 2 మీటర్లకు సుమారు 6.5 సెంటీమీటర్లు, అంటే మన కళ్ల ఎడం. 30 సెంటీమీటర్ల దూరంలోని పువ్వుకు 1 సెంటీమీటరే. ఇది ఫోను మామూలు లెన్సుకు చెప్పిన లెక్క, 2 రెట్లు జూమ్ చేస్తే బేస్ సగం చేయండి. తీశాక సరిచూడాలంటే, దగ్గరి, దూరపు వస్తువుల జరుగుడులో తేడా బొమ్మ వెడల్పులో 30వ వంతు మించకూడదు. 4000 పిక్సెళ్లకు సుమారు 130.

కోరాపుట్-రాయగడ లైన్లో రైలు కిటికీ నుంచి తీస్తే బేస్ రైలే ఇస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకు 33 సెంటీమీటర్లు, ఒక ఫ్రేమూ, దాని తర్వాత మూడోదీ తీసుకుంటే 1 మీటరు. 30 మీటర్ల అవతల నుంచి మొదలయ్యే లోయకు అతికినట్టు సరిపోతుంది. పట్టాల పక్క పొద ఫ్రేములోకి వస్తే మాత్రం వరస ఫ్రేములు కూడా పనికిరావు. ఫోను కిటికీకి సూటిగా పట్టండి, వీడియో స్టెబిలైజేషన్ (కుదుపు తగ్గించే సెట్టింగ్) ఆపేయండి. రైలు మీ కుడి వైపుకు పోతుంటే ముందు తీసిన ఫ్రేము ఎడమది, ఎడమ వైపుకు పోతుంటే కుడిది.

లోతే లేదు, అట్టముక్కలు నిలబెట్టినట్టుంది

దూరపు దృశ్యానికి 6.5 సెంటీమీటర్లు చాలవు. 1672 మీటర్ల దేవమాలి మీద నిలబడి చూస్తే ఎదుటి వరస కిలోమీటరు పైనే ఉంటుంది. అంచు వెంట పక్కకు 20, 30 మీటర్లు నడిచి రెండోది తీయండి, రెండుసార్లూ ఒకే దూరపు శిఖరాన్ని ఫోను తెర మీది గ్రిడ్ గీతల మధ్యలో పెట్టండి. మీ దగ్గర్లోని గడ్డి, రాయి ఫ్రేములోకి రానివ్వకండి. నడిచేలోపు మబ్బు నీడలు జరుగుతాయి, మబ్బులేని పూట చూసుకోండి. కొండలు బొమ్మల కొలువులో పెట్టినంత చిన్నవిగా కనిపిస్తాయి. పెద్ద బేస్ గుణమే అంత, నచ్చకపోతే బేస్ తగ్గించుకోవాలి.

ఎక్కువ జూమ్ వల్ల వచ్చే చదును వేరు. దానికి మందు దగ్గరికి వెళ్లి వెడల్పు లెన్సుతో తీయడమే.

నీళ్లు, ఆకులు, జనం మిలమిలమంటున్నారు

రెండు షాట్ల మధ్య కదిలిపోయారు. డుడుమ జలపాతం లాంటిచోట ట్రైపాడ్ మీద 1, 2 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇస్తే నీరు తెరలా పరుచుకుని రెండు బొమ్మల్లోనూ ఒకేలా ఉంటుంది. ఎండలో ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లటి గాజు) లేకుండా కుదరదు. ప్రతి షాటుకూ లెన్సు తుడవండి. ఒక బొమ్మలోనే తుంపర చుక్క పడితే ఒక కంటికే కనిపించి గాలిలో వేలాడుతుంది. సంతలో జనానికి ఈ ఉపాయం పనిచేయదు, ఒకేసారి నొక్కే రెండు కెమెరాలు కావాలి.

అంచు దగ్గర వస్తువు తెగి తేలుతోంది

తెర కంటే ముందుకు వచ్చినదాన్ని పక్క అంచు కోసేస్తోంది. అంచుకు తగిలే దగ్గరి వస్తువు రెండు బొమ్మల్లో ఒకచోటికి వచ్చేదాకా అడ్డంగా జరిపి, మిగిలింది కత్తిరించండి.

ఎర్ర చీర కళ్లలో కొట్టుకుంటోంది

బరంపురం పట్టులో ఎరుపు అందరికీ ఇష్టం, ఎరుపు-సయాన్ జోడుకు అదే శత్రువు. ఎర్ర గాజులోంచి ఎడమ కంటికి చీర వెలిగిపోతుంది, సయాన్ గాజులోంచి కుడి కంటికి దాదాపు నల్లగా ఉంటుంది. రెండు కళ్లూ ఒప్పుకోవు. ఎరుపు-సయాన్ బొమ్మ తయారుచేసేటప్పుడు ఈ తేడాను తగ్గించే హాఫ్ కలర్ గానీ, డ్యుబ్వా పద్ధతి గానీ ఎంచుకోండి. అప్పటికీ ఆగకపోతే నలుపు-తెలుపు. పసుపు చీరకు ఈ బాధ లేదు.

నీడలా రెండో బొమ్మ కనిపిస్తేనే జోడును పరీక్షించండి. తెర మీద అసలు ఎరుపు (255, 0, 0) నింపి సయాన్ గాజులోంచి, అసలు సయాన్ (0, 255, 255) నింపి ఎర్ర గాజులోంచి చూడండి, రెండూ నల్లగా ఉండాలి. నల్లగానే ఉంటే ఫైలు చూడండి. మామూలు జేపెగ్ రంగుల వివరాన్ని తగ్గించి ఎరుపును పక్కలకు చిందిస్తుంది. పీఎన్‌జీగా దాచుకోండి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి.

తెర మీద బాగుంది, ప్రింటులో కలవడం లేదు

పక్కపక్కన వేసిన ప్రింటులో, ఒకే దూరపు బిందువు రెండు బొమ్మల్లో పడే చోట్ల మధ్య ఎడం 65 మిల్లీమీటర్లు దాటితే కళ్లు బయటికి విచ్చుకోవాలి, అది చేతకాదు. 4×6 అంగుళాల కాగితం మీద ఒక్కో బొమ్మను 60 మిల్లీమీటర్ల వెడల్పుతో పక్కపక్కన ఆనించి పెట్టండి, దూరపు బిందువులు 62 దగ్గర వస్తాయి. ల్యాబ్ అంచులు కోస్తుంది గనుక చుట్టూ తెల్లని ఖాళీ వదలండి. అడుగున 100 మిల్లీమీటర్ల గీత ఒకటి వేసి పంపండి. ప్రింటు వచ్చాక అది 103 ఉంటే, ల్యాబ్‌వాళ్లు కాగితానికి సరిపెట్టడానికి బొమ్మను పెంచారు. ఈసారి సైజు మార్చకుండా వేయమని చెప్పండి, వినకపోతే ఫైలునే 3 శాతం తగ్గించి ఇవ్వండి.