లైబ్రరీకి రాని నాన్నల దగ్గరికి పుస్తకం ఎలా చేర్చాలి: ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాలతో పనిచేసే వాలంటీర్ల కోసం

అమెరికాలో ఉంటూ వీకెండ్స్ లో లోకల్ లైబ్రరీలోనో స్కూల్లోనో వాలంటీరింగ్ చేసే మనవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళల్లో కొందరు అడిగే ప్రశ్న ఏంటంటే, పిల్లలతో చదివించే ప్రోగ్రామ్ పెడితే అమ్మలొస్తారు అమ్మమ్మలొస్తారు కానీ నాన్నలు రారు, నల్లజాతి వాళ్ళు ఎక్కువుండే ఏరియాల్లో మరీనూ, వాళ్ళని ఎలా రప్పించాలి అని. నన్నడిగితే రప్పించే పని పెట్టుకోవద్దు, వాళ్ళు ఇప్పటికే ఎక్కడ కూర్చుంటున్నారో అక్కడికే పుస్తకం తీసుకెళ్ళండి.

దానికంటే ముందు ఒక మాట. వీళ్ళకి చదువంటే ఇంట్రెస్ట్ లేదని ఎవరైనా అంటే అస్సలు నమ్మకండి. బానిసత్వం రోజుల్లో వీళ్ళకి చదువు నేర్పకూడదని నార్త్ కరోలినాలో 1830లో, వర్జీనియాలో 1831లో చట్టాలే చేశారు. బానిసగా పుట్టి తర్వాత బానిసత్వం మీద పోరాడిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్, ఆయన చిన్నప్పుడు బాల్టిమోర్ లో యజమానురాలు అక్షరాలు చెప్తుంటే ఆవిడ భర్త ఆపించేశాడు, అయినా ఆ పిల్లాడు ఊరుకోలేదు, ఇంట్లోంచి రొట్టె పట్టుకెళ్ళి వీధిలో పేద తెల్ల పిల్లలకి పెట్టి వాళ్ళ దగ్గర పాఠం చెప్పించుకున్నాడు. చదువు కోసం అంత కష్టపడ్డ జనం వీళ్ళు. మనమేదో కొత్తగా ఇస్తున్నామన్న ఫీలింగ్ తో వెళ్తే మొదటి రోజే పని చెడిపోతుంది.

ఇక ఎక్కడికి వెళ్ళాలంటే, బార్బర్ షాప్ కి. మన ఊళ్ళల్లో కటింగ్ షాపులో పేపర్ చదువుతూ రాజకీయాలు మాట్లాడుకుంటారు చూడండి, వాళ్ళకీ అంతే, శనివారం తండ్రీ కొడుకులు వచ్చి గంటల తరబడి కూర్చుంటారు. ఆల్విన్ ఎర్బీ అని న్యూయార్క్ బ్రాంక్స్ లో చిన్న పిల్లలకి టీచర్ గా చేసేవాడు, ఒకరోజు స్కూల్ ఎదురుగా ఉన్న షాపులో ఉంటే ఆయన స్టూడెంటే వచ్చి ఏం తోచక కూర్చున్నాడట, ఈ టైమ్ లో వీడి చేతిలో పుస్తకం ఉంటే బాగుండు అనుకున్నాడు, బార్బర్ షాపుల్లో పిల్లల పుస్తకాలు పెట్టే బార్బర్‌షాప్ బుక్స్ 2014లో అలా మొదలైంది. 2017లో నేషనల్ బుక్ ఫౌండేషన్ వాళ్ళు ప్రైజ్ కూడా ఇచ్చారు. అమెరికాలో నల్లజాతి మగ టీచర్లు నూటికి ఇద్దరు కూడా ఉండరు, దాంతో తనలాంటి మగవాడు పుస్తకం పట్టుకోవడం చాలామంది మగపిల్లలకి స్కూల్లో కనపడదు. షాపులో కనపడొచ్చు. అందుకే ఈ పద్ధతి నాకు అంత నచ్చుతుంది.

మీ ఊళ్ళో మొదలుపెట్టాలంటే షెల్ఫ్ మోసుకుని నేరుగా వెళ్ళిపోకండి. ముందు రెండు మూడు సార్లు కటింగ్ కి వెళ్ళండి, ఓనర్ తో పరిచయం పెంచుకోండి, వీలైతే ఆ షాపుకి వచ్చే ఒక నాన్ననో అక్కడి చర్చ్ పెద్దమనిషినో వెంటబెట్టుకుని విషయం కదపండి. ఓనర్ సరే అంటేనే ముందుకెళ్ళండి, షెల్ఫ్ ఎక్కడ పెట్టాలో కూడా ఆయన్నే చెప్పమనండి. పెద్ద షెల్ఫ్ అక్కర్లేదు, పదిహేను ఇరవై పుస్తకాలు చాలు. ఐదేళ్ళ పిల్లాడి చేతికి అందే ఎత్తులో, వెయిటింగ్ కుర్చీల పక్కన, టీవీకి కాస్త దూరంగా, అట్టలు బయటికి కనపడేలా పెట్టండి, పక్క అంచులు మాత్రమే కనపడేలా పేరిస్తే పిల్లలు ముట్టుకోరు. వెంట్రుకలు పడే చోట పెట్టకండి.

పుస్తకాల ఎంపిక దగ్గరే చాలామంది దారి తప్పుతారు. నల్లజాతి పిల్లలు అనగానే బానిసత్వం, పౌరహక్కుల ఉద్యమం, మార్టిన్ లూథర్ కింగ్, ఇవే తెచ్చి పెడతారు. అవీ ఉండాలి, కానీ హెయిర్ కట్ కోసం కూర్చున్న ఏడేళ్ళ వాడికి నవ్వొచ్చేవి, బాస్కెట్ బాల్, కామిక్స్ కావాలి. డెరిక్ బార్న్స్ రాసిన ‘క్రౌన్’ అయితే మొత్తం కథే హెయిర్ కట్ గురించి, బార్బర్ షాప్ కి అంతకంటే మంచి పుస్తకం నాకైతే తెలీదు. కాస్త పెద్ద పిల్లలకి జెర్రీ క్రాఫ్ట్ ‘న్యూ కిడ్’ పెట్టండి, 2020లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్ గెలిచిన మొదటి గ్రాఫిక్ నవల అదే. ఇంకా కావాలంటే నల్లజాతి వాళ్ళు రాసిన పిల్లల పుస్తకాలకి 1970 నుంచి ఇస్తున్న కొరెట్టా స్కాట్ కింగ్ అవార్డుల లిస్ట్ లైబ్రేరియన్ ని అడగండి. లైబ్రరీ సేల్స్ లో పాతవి చాలా చవగ్గా దొరుకుతాయి. పిల్లలు ఇంటికి పట్టుకుపోతే పోనివ్వండి, అడగొద్దు, ఖాళీ అయిన చోట ఇంకోటి పెట్టండి.

బార్బర్ గారికి టీచర్ పని అప్పగించకండి, పాపం ఆయనకి చేతినిండా పనుంటుంది. పిల్లాడు కుర్చీ ఎక్కి మెడకి గుడ్డ కట్టించుకుంటుంటే “ఇందాక ఏదో చూసి నవ్వుతున్నావ్, ఏంటది?” అని ఒక్క మాట అడిగితే చాలు. వాడు చెప్తాడు, పక్క కుర్చీలో వాళ్ళ నాన్న వింటాడు. తప్పు చదివినా సరిదిద్దొద్దని మాత్రం ముందే చెప్పి ఉంచండి.

కొంతమంది నాన్నలకి సరిగ్గా చదవడం రాదు, అది పిల్లల ముందు బయటపడుతుందని భయం, అందుకే దూరంగా ఉంటారు. వీళ్ళ విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. సౌత్ కరోలినాలోని జాన్స్ ఐలాండ్ లో 1957లో నల్లజాతి పెద్దవాళ్ళకి చదవడం రాయడం నేర్పే సిటిజన్‌షిప్ స్కూల్ మొదలైతే పాఠం చెప్పింది బెర్నీస్ రాబిన్సన్, ఆవిడ బ్యూటీషియన్. మీకు ఏం నేర్చుకోవాలనుందో చెప్పండి అని వాళ్ళనే అడిగింది, సంతకం పెట్టడం, బైబిల్ చదవడం, కేటలాగ్ ఆర్డర్ ఫారం నింపడం, ఓటు కోసం రిజిస్టర్ చేయించుకోవడం, ఇలా వాళ్ళకి పనికొచ్చేవాటితోనే పాఠం నడిపింది. ఇప్పుడైనా అదే చేయాలి, డ్రైవింగ్ లైసెన్స్ బుక్కో, జాబ్ అప్లికేషనో, కొడుకు స్కూల్ నుంచి వచ్చిన లెటరో, ఆయన ఏది పట్టుకొస్తే దానితో మొదలుపెట్టండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ట్యూటర్లు ఉంటారు, ఫ్రీ, ఆయన ఒప్పుకుంటే మీరే తోడు వెళ్ళండి. ఎవరినైనా పిల్లల ముందు చదవమని అడగాలంటే పుస్తకం వారం ముందే ఇంటికి ఇచ్చేయండి, అప్పటికప్పుడు చేతిలో పెట్టకండి. మాటల్లేని బొమ్మల పుస్తకాలు కూడా ఉంటాయి, బొమ్మలు చూపిస్తూ నాన్న సొంత మాటల్లో కథ చెప్పొచ్చు.

టీనేజ్ అబ్బాయిల గురించి ఎక్కువ చెప్పను. టీనేజ్ పిల్లల పుస్తకాలు రాసే జేసన్ రేనాల్డ్స్ పదిహేడేళ్ళ దాకా ఒక్క నవల కూడా పూర్తిగా చదవలేదు, ఆయనే 2020లో దేశం మొత్తానికి పిల్లల సాహిత్య రాయబారి అయ్యాడు, ఈ సంగతి వాళ్ళకి చెప్పండి, ర్యాప్ లిరిక్స్ చదివినా చదువే అని ఒప్పుకోండి.

చివరగా, నాన్న జైల్లో ఉన్న కుటుంబాలు. దీన్ని అందరూ వదిలేస్తారు, వదలొద్దు. ఒకే పుస్తకం రెండు కాపీలు కొనండి, ఒకటి పిల్లాడికి, ఒకటి నాన్నకి, ఫోన్ కాల్ వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే పేజీ తెరిచి వంతులవారీగా చదువుకుంటారు. కాకపోతే చాలా జైళ్ళు షాపు నుంచి నేరుగా వచ్చే కొత్త పేపర్‌బ్యాక్ లే తీసుకుంటాయి, గట్టి అట్టవి వెనక్కి పంపేస్తాయి, కాబట్టి ఆర్డర్ పెట్టేముందు ఆ జైలు మెయిల్ రూల్స్ ఒకసారి చదవండి, ఆయన ఖైదీ నంబర్ అడ్రస్ లో కరెక్ట్ గా పడిందో లేదో చూసుకోండి, కాల్ నిమిషాలు తక్కువ కాబట్టి చిన్న చిన్న చాప్టర్లు ఉన్న పుస్తకమే ఎంచుకోండి.