ఎదిగే కంపెనీల షేర్లకు విలువ కట్టడం – 4వ పాఠం: ఎదుగుదల ఎంత సొమ్ము తింటుంది?

వేగంగా ఎదిగే కంపెనీకి మిగులు నగదు (ఖర్చులు, పెట్టుబడి పోగా చేతికి మిగిలేది) చాలాసార్లు సున్నా దగ్గరో, మైనస్‌లోనో ఉంటుంది. ఆ అంకెనే ఏటా 20 శాతం పెంచుకుంటూ పోతే లెక్క ఎటూ తేలదు. అందుకే ఈసారి లాభంతో మొదలుపెట్టి, ఎదగడానికి కావాల్సిన పెట్టుబడిని ఏ ఏడుకు ఆ ఏడు తీసేద్దాం.

ఒక ఊహా కంపెనీ తీసుకోండి. హెడ్డాఫీసు హన్మకొండలో. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లో 40 డయాగ్నొస్టిక్ సెంటర్లు. అమ్మకాలు 200 కోట్లు, అప్పు 60 కోట్లు, చేతిలో నగదు 20 కోట్లు, షేర్ల సంఖ్య 2 కోట్లు. షేర్ల లెక్కలో ఉద్యోగులకు ఇవ్వాల్సిన ఈసాప్‌లు (ముందే ఖాయం చేసిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కులు) కూడా కలిపే ఉన్నాయి.

ముందు వ్యాపార లాభం. తరుగుదల పోయాక, వడ్డీ కట్టకముందు 53.5 కోట్లు, 25.17 శాతం పన్ను పోతే 40 కోట్లు. ఎఫ్‌డీల మీద వచ్చిన మిత్తి, స్థలం అమ్మితే వచ్చిన డబ్బు ఇందులో కలపొద్దు. స్టాండలోన్ (ఒక్క మాతృ కంపెనీవి) కాదు, కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలనూ కలిపిన) అంకెలే చూడండి. 2019 ఏప్రిల్ నుంచి సెంటర్ల అద్దెలో ఎక్కువ భాగం ఖాతాల్లో తరుగుదలగా, వడ్డీగా విడిపోతోంది. కాబట్టి లీజు బాకీని అప్పులో కలపాలి. మన 60 కోట్లలో అదీ ఉంది.

ఇప్పుడు అసలు పని: కొత్తగా పెట్టిన రూపాయి ఎంత తెచ్చింది? మూడేళ్ల కింద లాభం 23 కోట్లు, వ్యాపారంలో ఉన్న పెట్టుబడి 90 కోట్లు. ఇప్పుడు లాభం 40, పెట్టుబడి 158. అంటే అదనంగా 68 కోట్లు పెడితే 17 కోట్లు పెరిగింది: 25 శాతం రాబడి. పెట్టుబడి అంటే యంత్రాలు, సెంటర్లే కాదు, రావాల్సిన బాకీలు కూడా. ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్ బిల్లులు నెలల తరబడి ఆగితే లాభం కాగితం మీద ఉంటుంది, సొమ్ము బయట ఉంటుంది. చాలామంది తప్పేది ఇక్కడే.

ఎదుగుదల శాతాన్ని ఈ రాబడితో భాగిస్తే, లాభంలో ఎంత వంతు తిరిగి వ్యాపారంలోకే పోవాలో వస్తుంది. 20ని 25తో భాగిస్తే 0.8. లాభంలో 80 శాతం తిరిగి లోపలికే. మనకు మిగిలేది 20 శాతం.

పదేళ్లకు వేద్దాం. మొదటి ఐదేళ్లు 20 శాతం ఎదుగుదల, తర్వాత వరుసగా 16, 14, 12, 10, 8. మొదటి ఏడు లాభం 48 కోట్లు, మిగులు 9.6. ఐదో ఏడు లాభం 99.5, మిగులు 19.9. వేగం తగ్గిన కొద్దీ మిగులు ఉబుకుతుంది: ఆరో ఏడు 41.6, పదో ఏడు 119.1.

రేపటి సొమ్మును ఈరోజు విలువకు తగ్గించే శాతమే డిస్కౌంట్ రేటు. దానికి పదేళ్ల ప్రభుత్వ బాండు మీద వచ్చే 7 శాతం అనుకుని, షేర్ల రిస్కుకు 6 కలిపి 13 పెడదాం. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి అలవాటు పడ్డవాళ్లు ఏడాదికి 24 పెట్టేస్తారు; అప్పుడు మంచి కంపెనీ షేరైనా కొనేటట్టు కనబడదు. ఒక్కో ఏడు మిగులును, అది ఎన్నో ఏడైతే అన్నిసార్లు 1.13తో భాగించి కూడితే పదేళ్లకు 189 కోట్లు.

పదేళ్ల తర్వాత 6 శాతం ఎదుగుదల. పదకొండో ఏడు లాభం 185.6; అందులో 24 శాతం తిరిగి పెట్టుబడికి పోతే మిగిలేది 141. దాన్ని 13లోంచి 6 పోగా వచ్చే 7 శాతంతో భాగిస్తే, పదేళ్ల అవతలి మిగుళ్లన్నిటి విలువ 2,015 కోట్లు. ఈరోజుకు తెస్తే 594. మొత్తం 783, అప్పులోంచి నగదు పోగా నికరంగా ఉన్న 40 తీసేస్తే 743. షేరుకు 371 రూపాయలు.

ఈ 371ని పట్టుకుని కొనేయకండి. విలువలో నాలుగింట మూడొంతుల పైన పదేళ్ల అవతల ఉంది. డిస్కౌంట్ రేటు 14 చేస్తే 307కు పడుతుంది. చివరి ఎదుగుదల 7 చేస్తే 406కు ఎక్కుతుంది.

ఇంకో మార్పు చూడండి. ఎదుగుదల అదే ఉంచి, రాబడి మాత్రం 25 బదులు 18 పెట్టండి. మొదటి ఐదేళ్లూ మిగులు మైనస్‌లోకి పోతుంది. మొదటి ఏడే 5.3 కోట్లు బయటినుంచి తేవాలి. షేరు విలువ 272. అమ్మకాల గ్రాఫ్ రెండు కంపెనీలకూ ఒకేలా ఉండొచ్చు, టీవీలో ఇద్దరినీ ఒకే రకంగా పొగుడుతారు కూడా. రాబడి మన డిస్కౌంట్ రేటైన 13కే ఆగితే, ఎంత ఎదిగినా షేరుదారుకు కలిసొచ్చేది ఏమీ లేదు.

ఇక వేసిన అంకెలు నేల మీద నిలుస్తాయా? ఇప్పుడు సెంటరుకు 5 కోట్ల అమ్మకం. పదో ఏడు 175 కోట్ల లాభానికి, ఇదే మార్జిన్‌తో (అమ్మకాల్లో లాభం వాటా మారకుండా), 876 కోట్ల అమ్మకాలు కావాలి. టెస్టుల రేట్లు ఏటా 5 శాతం పెరిగినా సుమారు 108 సెంటర్లు. జనగామ, మంచిర్యాల, జగిత్యాల, కామారెడ్డి లాంటి ఊళ్లన్నీ రాసుకుని, ఇప్పటికే ఎన్ని ల్యాబులున్నాయో లెక్కేయండి. చాలకపోతే హైదరాబాద్‌కు పోవాలి. అక్కడ పోటీలో 25 శాతం రాబడి నిలవకపోవచ్చు. అప్పుడు ఎదుగుదల ఏడో ఏటికే 8కి దించి మళ్లీ వేయాలి.

ధర పెరగడాన్ని ఎదుగుదల అనుకునే పొరపాటూ ఉంది. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి రేటు ఎక్కిన ఏడు జిన్నింగ్ కంపెనీ అమ్మకాలు వాటంతటవే ఎక్కుతాయి. అట్లాంటి కంపెనీకి ఎన్ని బేళ్లు చేసిందో చూడాలి, రూపాయలు కాదు.

అభ్యాసం: మీ దగ్గరున్న ఒక షేరుకు ఐదేళ్ల వార్షిక నివేదికల నుంచి వ్యాపార లాభం, పెట్టుబడి తీసి, కొత్త పెట్టుబడి మీద రాబడి కట్టండి. ఒకటి రెండేళ్ల తేడాతో కడితే అంకె గంతులేస్తుంది. కనీసం మూడేళ్లు పెట్టుకోండి. 5వ పాఠంలో లెక్కను తిరగేస్తాం: మన కంపెనీ షేరు మార్కెట్‌లో 600 ఉంటే, ఆ ధర ఎంత ఎదుగుదలను ముందే వసూలు చేస్తోందో ఎక్సెల్‌లోని గోల్ సీక్‌తో (జవాబు ఇస్తే దానికి కావాల్సిన అంకెను వెతికే సాధనంతో) పట్టుకుందాం.