డైనమో మార్చే ముందు మీటరు పెట్టి చూడండి

మొన్న వానాకాలంలో కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడు తోలే లారీ ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చింది. డ్రైవరు దిగుతూనే, "మేస్త్రీ, డైనమో పోయింది. మార్చెయ్యండి, రాత్రికి లోడు ఉంది" అన్నాడు. డైనమో అంటే ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీలని నింపేది. అప్పటికే మూడు నెలల్లో ఆ బండికి రెండు కొత్త బ్యాటరీలు, ఒక డైనమో వేశారు. అయినా పొద్దున్నే సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) ఈడుస్తోంది, రాత్రిపూట హెడ్‌లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి. ఓనరుకి అంత ఖర్చయింది కానీ, ఈ మూడు నెలల్లో ఆ బండికి మీటరు పెట్టి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అదే నాకు బాధ.

నేను చూసే వరస చెబుతాను. ఐదారు వందలకి దొరికే డిజిటల్ మీటరు ఉంటే డ్రైవరే ఇదంతా చేసుకోవచ్చు. బ్యాటరీ దగ్గరికి వెళ్లే ముందు చేతికున్న ఉంగరం, కడియం తీసెయ్యండి. అక్కడ బీడీ ముట్టించొద్దు. చార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి వచ్చే గ్యాసు అంటుకుంటుంది.

ముందు బండిని రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున స్టార్ట్ చెయ్యకముందే కొలవండి. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి, ఉంటాయి. చాలామంది రెండిటికీ కలిపి కొలిచి, 24 పైన ఉంది కదా అని వదిలేస్తారు. అలా కాదు, దేనికది విడిగా కొలవండి. నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ 12.6 నుంచి 12.7 చూపిస్తుంది. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు. 12 కంటే దిగితే దాదాపు ఖాళీ.

రెండిటి మధ్య తేడా ఉంటే ఆలోచించాల్సిందే. ఒకటి 12.7, రెండోది 11.9 ఉందనుకోండి, కలిపితే 24.6. పైకి పరవాలేదనిపిస్తుంది. చాలా బండ్లలో దీనికి కారణం క్యాబిన్‌లో పెట్టిన 12 వోల్టుల ఫ్యానో, పాటల సెట్టో. దానికి కరెంటు ఒకే బ్యాటరీ నుంచి లాగుతారు. ఆ బ్యాటరీ రోజూ ఖాళీ అవుతుంది, పక్కది రోజూ నిండే ఉంటుంది. డైనమో ఇచ్చే 28 వోల్టులు అవి సమానంగా పంచుకోవు. నిండుగా ఉన్నది 15 దాటి ఉడికిపోతుంది, దాని నీళ్లు తొందరగా తగ్గుతాయి. ఖాళీది మాత్రం ఎప్పటికీ నిండదు. ఏడాది తిరక్కుండా రెండూ పోతాయి. 24 నుంచి 12కి దింపే కన్వర్టరు ఒకటి పెట్టించి దాని నుంచే తీసుకోండి. బ్యాటరీలు మార్చాల్సి వస్తే జంటగా, ఒకే సైజువి మార్చండి. పాతదాని పక్కన కొత్తది పెడితే కొత్తది కూడా పాడవుతుంది.

తర్వాత ఒకరిని సెల్ఫ్ కొట్టమని, బ్యాటరీల మీద మొత్తం వోల్టేజి చూడండి. 19 కంటే కిందికి పడితే బ్యాటరీలో చార్జింగ్ లేనట్టు, లేదా బ్యాటరీయే బలహీనపడినట్టు. పడకుండా ఉండి కూడా సెల్ఫ్ ఈడుస్తుంటే సెల్ఫ్ మోటారు, దాని కేబుళ్లు చూడాలి.

ఇంజన్ స్టార్ట్ అయ్యాక హెడ్‌లైట్లు, వైపర్లు, బ్లోయరు వేసి, కొంచెం రేసింగ్ ఇచ్చి మళ్లీ కొలవండి. బ్యాటరీ మీద 27.5 నుంచి 28.5 లోపల ఉండాలి. ఈ బండిలో 26.2 చూపించింది. "చూశారా, డైనమోనే" అన్నాడు డ్రైవరు. నేను మీటరు తీసుకెళ్లి డైనమో మీదే పెట్టాను, ఎర్ర పిన్ను దాని వెనక కరెంటు బయటికొచ్చే బోల్టుకి, నల్ల పిన్ను బాడీకి. 28.1 ఉంది. డైనమో తన పని తాను చేస్తూనే ఉంది, అది ఇచ్చినదంతా బ్యాటరీకి చేరడం లేదంతే.

ఇక్కడ నింపాదిగా చూడండి, డబ్బు మిగిలేది ఇక్కడే. లైట్లన్నీ వేసి ఇంజన్ నడుస్తుండగానే ఎర్ర పిన్ను డైనమో బోల్టు మీద, నల్ల పిన్ను బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. ఆ దారిలో పోయే వోల్టేజి ఎంతో నేరుగా కనిపిస్తుంది. అర వోల్టు దాటకూడదు. అలాగే డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి, అది కరెంటు తిరిగొచ్చే ఎర్త్ దారి. 0.3 దాటితే ఇంజన్ నుంచి ఛాసిస్‌కి వచ్చే ఎర్త్ పట్టీ విప్పి గీకాలి. ఈ బండిలో ఎర్త్ వైపు 0.2, ప్లస్ వైపు 1.7. డైనమో దగ్గరున్న 28.1లోంచి ఈ రెండూ తీసేస్తే మిగిలేది 26.2. లెక్క సరిపోయింది.

తర్వాత ఒక పిన్ను డైనమో మీదే ఉంచి రెండోది జాయింటు జాయింటుకీ జరుపుకుంటూ వచ్చాను. సెల్ఫ్ దగ్గరున్న లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) దాటగానే అంకె ఎగిరింది. ఇంజన్ ఆపి పట్టుకుంటే వేలు చురుక్కుమంది. పైన తొడుగు శుభ్రంగానే ఉంది, కోసి చూస్తే లోపల రాగి తీగలు పచ్చగా చిలుము పట్టాయి. మంచు కరిగి చేపల పెట్టెల్లోంచి కారే నీళ్లు రోజూ ఛాసిస్ మీద పడతాయి. చేపల బండ్లలో ఈ జబ్బు నేను మళ్లీ మళ్లీ చూస్తుంటాను.

డైనమో దగ్గరే 27 దాటకపోతే అప్పుడు డైనమో వైపు చూడాలి. అప్పుడు కూడా ముందు బెల్టు చూడండి. నున్నగా అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టు. కీ వేయగానే చార్జింగ్ లైటు వెలగాలి. వెలగకపోతే బల్బు గానీ దాని వైరు గానీ పోయి ఉండొచ్చు. కొన్ని డైనమోలు ఆ లైటు ద్వారా వచ్చే కరెంటుతోనే పని మొదలుపెడతాయి. ఇవి బాగుంటేనే కటౌట్ (వోల్టేజిని అదుపులో ఉంచేది), కార్బన్ల (డైనమోలో తిరిగే భాగానికి కరెంటు అందించేవి) దాకా వెళ్లాలి. డయోడ్ (డైనమోలో పుట్టే ఏసీని డీసీగా మార్చేది) అనుమానం ఉంటే మీటరు ఏసీలో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా డైనమో మీద చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ పోయి ఉంటుంది. చౌక మీటర్లు కొన్ని ఇక్కడ తప్పు చూపిస్తాయి కాబట్టి, ముందు ఇంజన్ ఆపి బ్యాటరీ మీద ఏసీలోనే పెట్టండి. సున్నా చూపిస్తేనే ఆ మీటరుని నమ్మాలి.

చార్జింగ్ అంతా బాగుండి రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతుంటే, అన్నీ ఆపేసినా ఏదో లాగుతోందన్న మాట. కీ తీసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మీటరుని 10 ఆంపియర్లలో పెట్టి ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్యలో కలపండి. మీటరు అలా ఉండగా కీ వేయొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు. ఆంపియర్లలో కనిపిస్తే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. తగ్గిన చోటే లోపం. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే డైనమో వైరు విప్పి చూడండి, షార్ట్ అయిన డయోడ్ ఇలాగే తాగేస్తుంది.

రెండు విషయాలు మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో చూడటం పాత అలవాటు, పూర్తిగా మానెయ్యండి. ఆ క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లని, ఈసీఎంని (ఇంజన్‌ని నడిపే కంప్యూటరుని) కాల్చేస్తుంది. రెండోది, బీఎస్6 బండిలో కీ తీసిన వెంటనే కటాఫ్ (బ్యాటరీ మెయిన్ స్విచ్) తిప్పొద్దు. పొగని శుభ్రం చేసే యూరియా పైపుల్లో మిగిలింది పంపు వెనక్కి లాగేదాకా రెండు మూడు నిమిషాలు ఆగండి.

కైకలూరు బండికి చిలుము పట్టిన వైరు తీసేసి, అంతే మందం ఉన్న కొత్తది వేసి, లగ్గు ప్రెస్ చేసి, నీళ్లు దిగకుండా తొడుగు వేశాను. మళ్లీ కొలిస్తే దారిలో పోయేది 0.3, బ్యాటరీ మీద 27.6. అయినా వెంటనే పంపలేదు. అన్నాళ్లు సగం కడుపుతో ఉన్న బ్యాటరీలు దారిలో డైనమోతోనే నిండాలంటే చాలా సమయం పడుతుంది. అందుకని చార్జర్ మీద ఒక్కొక్కటీ విడిగా పెట్టి, సాయంత్రం ఆరింటికి లోడుకి పంపాను. డైనమో పాతదే.