అమెరికాలో మూతపడ్డ గూడ్స్ లైన్ల జాడ పట్టడం ఎలా?

1916లో అమెరికా రైలు మార్గాల నిడివి దాదాపు 2,54,000 మైళ్లు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ అంత లేదు. ఇప్పుడు మిగిలింది సుమారు 1,40,000 మైళ్లు. పోయినవాటిలో చాలా వరకు గనులకో, కలప మిల్లులకో, ధాన్యం గోదాములకో వెళ్లిన చిన్న చిన్న బ్రాంచి లైన్లు. పట్టాలు పీకి తుక్కు కింద అమ్మేశారు గానీ మట్టి కట్టలు, కొండ తొలిచిన కోతలు, వంతెన దిమ్మెలు చాలా చోట్ల అలాగే ఉన్నాయి. ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌తోనే ఈ వెతుకులాటలో సగానికి పైగా పూర్తి చేయొచ్చు.

ముందు సరుకు సంగతి తేల్చుకోండి

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా శాటిలైట్ ఫొటో తెరిచి గీతల కోసం వెతుకుతారు. నా సలహా వేరు. ఆ లైను ఏం మోసింది? ముందు ఈ ప్రశ్నకు జవాబు దొరకాలి. లైను ఎటు తిరిగింది, ఎక్కడ ఆగింది, ఎందుకు మూతపడింది అన్నవన్నీ దాన్ని బట్టే తెలుస్తాయి. కలప లైను వాగు వెంట పైకి ఎక్కుతూ పోయి అడవిలో ఆగిపోతుంది. బొగ్గు లైను గని దగ్గర ముగుస్తుంది. గోధుమ, మొక్కజొన్న పండే మైదానాల్లో కొన్ని మైళ్లకొక స్టేషను కనిపిస్తుంది. రైతు గుర్రబ్బండి మీద ధాన్యం తెచ్చి, దించి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి కదా, ఆ లెక్కన పెట్టినవి అవి.

వర్జీనియాలోని అబింగ్‌డన్ బ్రాంచినే తీసుకోండి. 1900లో అదే రాష్ట్రంలోని డమాస్కస్ అనే ఊరి దాకా వచ్చిన ఈ లైను తర్వాత కొండలెక్కి నార్త్ కరోలినా వైపు సాగింది. దాని ప్రధాన సరుకు కలప. కొండల మీద కలప తరిగిపోయాక రాబడీ పడిపోయింది. 1977లో చివరి రైలు నడిచింది. ఆ దారే తర్వాత వర్జీనియా క్రీపర్ ట్రెయిల్ అనే నడక బాట అయింది. ఆ మెలికలు, ఆ ఎత్తులు ఎందుకని అడిగితే జవాబు కలపే.

కంపెనీ పేర్ల వరుస రాసుకోండి

ఒకే లైనుకు నాలుగైదు పేర్లుండటం మామూలే. ఒక స్థానిక కంపెనీ వేస్తుంది, పెద్దది కొంటుంది, అది ఇంకోదానిలో కలుస్తుంది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ రైల్‌రోడ్లు 1968లో కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి. అది 1970లో దివాలా తీసింది. 1976లో దాని లైన్లలో చాలా భాగం కాన్‌రెయిల్ అనే కొత్త కంపెనీ చేతికి వచ్చింది. ఏ ఏడాదికి ఏ పేరో తెలియకపోతే పాత పత్రికల్లో, ఆర్కైవుల్లో వెతికినా ఏమీ దొరకదు.

పాత మ్యాపులు: ఇక్కడ తొందర పడొద్దు

యూఎస్ జియలాజికల్ సర్వేవారి టోపోవ్యూ సైటులో 1880ల నుంచి వచ్చిన టోపో మ్యాపులు (నేల ఎత్తుపల్లాలు చూపేవి) ఉచితంగా దొరుకుతాయి. ఒకే చోటివి కనీసం మూడు వేర్వేరు కాలాల మ్యాపులు దించుకోండి. అడ్డగీతలున్న నల్ల గీత నడుస్తున్న రైలు మార్గం. తర్వాతి మ్యాపులో అదే చోట చుక్కల గీత పక్కన ‘ఓల్డ్ రైల్‌రోడ్ గ్రేడ్’ (పాత రైలు కట్ట) అని రాసి ఉంటే, ఆ రెండు మ్యాపుల మధ్య కాలంలో పట్టాలు పోయాయన్నమాట. మ్యాపు అచ్చయిన సంవత్సరం కాక, సర్వే చేసిన సంవత్సరం చూడండి. రెండింటికీ ఏళ్ల తేడా ఉండొచ్చు.

ఊళ్ల లోపలికి శాన్‌బోర్న్ అగ్నిప్రమాద బీమా మ్యాపులకు మించినవి లేవు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది. ఏ మిల్లు గోడ పక్కకు సైడింగు (సరుకు ఎక్కించి దించే పక్క పట్టా) వెళ్లింది, ఏ గోదాములో ఏం నిల్వ చేశారు అన్నదాకా కనిపిస్తుంది. సరుకు చరిత్ర రాసేవాళ్లకు ఇది గనే.

ఇంకా లోతుకు వెళ్లాలంటే వాల్యుయేషన్ మ్యాపులు చూడాలి. 1913 చట్టం ప్రకారం, రైల్‌రోడ్లను నియంత్రించిన ప్రభుత్వ సంస్థ ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ దేశంలోని రైల్‌రోడ్ల ఆస్తులన్నిటికీ విలువ కట్టించింది. ఆ మ్యాపుల్లో పట్టాలు, కల్వర్టులు మాత్రమే కాదు, ఏ ముక్క నేల ఎవరి దగ్గర తీసుకున్నారో కూడా ఉంటుంది. నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 134 కింద అడగండి. ఓపికుంటే అన్నిటికంటే ఎక్కువ ఫలితం వీటిలోనే.

నేల ఆకారం చదవండి

ఇప్పుడు పైనుంచి చూడొచ్చు. జియలాజికల్ సర్వేవారి ‘నేషనల్ మ్యాప్’ సైటులో లైడార్ (విమానం నుంచి లేజర్‌తో నేలను కొలిచే పద్ధతి) నీడ చిత్రం తెరిస్తే చెట్లు మాయమై ఉత్త నేల కనిపిస్తుంది. దట్టమైన అడవి కింద దాగిన కట్ట కూడా అందులో తేలుతుంది. అది రైలుదా, పాత రోడ్డుదా? వాలు చూడండి. నూరు అడుగులకు రెండడుగులు ఎక్కితేనే బరువైన గూడ్స్ రైలుకు కష్టం. అందుకే రైలు దారి గుట్టను తొలుచుకుంటూ, పల్లాన్ని పూడ్చుకుంటూ, పెద్ద పెద్ద వంపులతో పోతుంది. ఉన్నట్టుండి మలుపు తిరిగిందంటే అది రోడ్డే.

మిడ్‌వెస్ట్‌లో పొలాలు, వీధులు చాలా వరకు చదరంగం గళ్లలా ఉంటాయి. వాటి మధ్య ఏటవాలుగా తెగిన స్థలం హద్దు, ఒక మూల కోసేసినట్టున్న భవనం, ఏటవాలు చెట్ల వరుస కనబడితే రైలు పోయిన దారేమోనని చూడండి. డిపో స్ట్రీట్, రైల్‌రోడ్ అవెన్యూ లాంటి వీధి పేర్లూ అంతే.

మూసివేత కాగితాలు

1995 దాకా ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్, 1996 నుంచి దాని స్థానంలో వచ్చిన సర్‌ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అనుమతితోనే లైను వదిలేయాలి. 1980 నాటి స్టాగర్స్ చట్టం ఆ పని సులువు చేసింది. బోర్డు సైటులో ‘ఏబీ’తో మొదలయ్యే కేసు నంబర్ల కింద ఈ ఫైళ్లుంటాయి. ఏ మైలురాయి నుంచి ఏ మైలురాయి దాకా మూశారో అందులో రాస్తారు. ఆ మైళ్ల లెక్క ఎక్కడ సున్నాతో మొదలైందో కనుక్కుంటే లైను మొదట ఏ కంపెనీదో, ఏ ఊరిని కేంద్రంగా చూసిందో తెలుసుకునే వీలుంటుంది.

చోటు చూడటానికి వెళ్లినప్పుడు

వెళ్లేముందు ఒకటి తేల్చుకోండి: ఆ లైను చట్టప్రకారం వదిలేసిందా, లేక ఊరికే రైళ్లు ఆగాయా? తుప్పు పట్టిన పట్టాల మీద కూడా రేపు రైలు రావొచ్చు. అది కంపెనీ ఆస్తి, పట్టాల మీద నడవడం నేరం, ప్రమాదం. పట్టాలు తీసేసిన నేల చాలా చోట్ల పక్క పొలాలవాళ్లదై ఉంటుంది, కాబట్టి అడిగి, ఒప్పుకుంటేనే అడుగు పెట్టండి. 1983 చట్ట సవరణ తర్వాత కొన్ని దారులను మళ్లీ ఎప్పుడైనా రైలుకు పనికొచ్చేలా కాపాడుతూ నడక బాటలుగా మార్చారు. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టడం మేలు. క్రీపర్ ట్రెయిల్ మీద గ్రీన్ కోవ్‌లో పాత స్టేషను భవనం ఇంకా ఉంది. అయితే 2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను డమాస్కస్ నుంచి వైట్‌టాప్ దాకా దారిని బాగా దెబ్బతీసింది. అందుకని ఏ భాగం తెరిచి ఉందో ముందే కనుక్కోండి.

ఎక్కడైనా పట్టా ముక్క మిగిలి ఉంటే దాని పక్క భాగం చూడండి. ఉబ్బెత్తుగా అక్షరాలుంటాయి: గజానికి ఎన్ని పౌండ్ల బరువు, ఏ మిల్లు, ఏ సంవత్సరం. ఆ తర్వాత నిలువు గీతలు. అవి నెల. 1927 పక్కన నాలుగు గీతలుంటే ఆ పట్టా 1927 ఏప్రిల్‌లో తయారైంది. అంతమాత్రాన లైను వయసు అదేననుకోకండి. మెయిన్ లైనులో అరిగిన పట్టాలను తీసి బ్రాంచి లైన్లలో వేయడం రివాజు. కర్ర స్లీపర్ల మీద ‘29’ లాంటి అంకెలున్న తేదీ మేకులూ (స్లీపర్ వేసిన ఏడాది గుర్తుగా కొట్టినవి) దొరకొచ్చు. ఫొటో తీసుకుని ఉన్నచోటే వదిలేయండి. స్లీపర్ నుంచి ఊడదీసిన మేకుతో ఏ లైను కథా చెప్పలేం.

నమోదు చేయడం

మీ మ్యాపులో రెండు రకాల గీతలు వాడండి: ఆధారం దొరికిన చోట నిండు గీత, ఊహించిన చోట చుక్కల గీత. ప్రతి ముక్కకూ ఏ మ్యాపు, ఏ సంవత్సరం అన్నది పక్కనే రాయండి. నేల మీద ఆనవాళ్లు మిగిలిన భాగాలను ఎవరైనా మార్చగల ఆన్‌లైన్ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ‘అబాండన్డ్’ (వదిలేసినది) ట్యాగుతో పెట్టొచ్చు. దున్నేసి, ఇళ్లు కట్టేసి పూర్తిగా చెరిగిపోయిన భాగాలు అక్కడ పెడితే తీసేస్తారు. వాటికి గతకాలపు ఆనవాళ్ల కోసమే ఉన్న ఓపెన్‌హిస్టారికల్‌మ్యాప్ సరైన చోటు. ఆ కౌంటీ చరిత్ర సంఘానికి ఒక కాపీ పంపండి. లైను మీద పనిచేసినవాళ్ల ఫొటోలు, సరుకు రసీదులు చాలా సార్లు వాళ్ల బీరువాల్లోనే ఉంటాయి. మీ మ్యాపు చూశాక అవి ఎక్కడివో వాళ్లకూ తెలుస్తుంది.